ముఖానికి మూడు పూతలు

పదింటికి ఇంటర్వ్యూ. వాషింగ్ మెషిన్ల కంపెనీలో, ఫిర్యాదుల విభాగానికి సూపర్‌వైజర్ పోస్టు. ఆ ఇంటి కోడలు దానికి పోటీ పడడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ పాత మేనేజర్ ఒకే మాట అన్నాడు: "మీకు పని బాగా వచ్చు. ఎదుటివాళ్లని మాత్రం మాట పూర్తి చేయనివ్వరు." ఈసారీ తప్పితే, నిన్నగాక మొన్న చేరిన పిల్ల కింద పనిచేయాలి.

కొత్త మేనేజర్ ముందు కనీసం ముఖమైనా కళగా ఉండాలనుకుంది. ఆడపడుచు ఫోన్‌లో చిట్కా చెప్పింది. "తెల్లసొన, తేనె, మొక్కజొన్న పిండి. పల్చగా రాసుకో వదినా, ఎక్కువైతే..."

"తెలుసులే, తెలుసులే" అని కోడలు ఫోన్ పెట్టేసింది. ఒక పూతకే మెరుపు వస్తే మూడు పూతలకు ఇంకెంత వస్తుందోనని గిన్నె ఖాళీ చేసింది.

కాసేపటికి ముఖం చెక్కలా బిగుసుకుంది. కుళాయి తిప్పితే బుస్సుమని గాలి వచ్చింది. అత్తగారు దుప్పట్లు నానబెట్టి ట్యాంకు ఖాళీ చేసేసింది. పిలుద్దామంటే పెదవులు విడివడలేదు. గట్టిగా లాగితే చర్మం చురుక్కుమంది.

"టవల్ ఎక్కడ?" అంటూ భర్త వచ్చాడు. జవాబు రాలేదు. ఆయన అక్కడే ఆగిపోయాడు. ఆ ఇంట్లో అడిగినదానికి జవాబు రాకపోవడం ఎన్నడూ లేదు. అడగనివాటికి కూడా వచ్చేది.

"కోపమా?" అన్నాడు. ఆమె ముఖం చూపించి, చేతులు ఊపింది.

"సరే, చెప్పేస్తా. నీ నీలం కోటు ఇస్త్రీ చేస్తూ కాల్చింది నేనే. లోపలివైపే. అంటే... లోపల్నుంచి బయటిదాకా."

ఆమె కళ్లు పెద్దవయ్యాయి. అది చాలలేదేమోనని ఆయనకు భయం వేసింది. "మొన్న మీ అన్నయ్య వస్తానంటే మనం ఊళ్లో లేమని చెప్పింది కూడా నేనే."

"ఏంట్రా ఆ గోల?" అంటూ అత్తగారు వచ్చింది. కోడలి వాలకం చూసి గొంతు తగ్గించింది. "నీ షాంపూతో దుప్పట్లు నానబెట్టానని నీకెవరు చెప్పారమ్మాయ్?"

అంతలో ఫోన్ మోగింది. కంగారులో భర్త స్పీకర్ నొక్కాడు.

"కొత్త మేనేజర్ని. నాకు అర్జెంటుగా పని పడింది, ఇంటర్వ్యూ ఇప్పుడే కానిచ్చేద్దాం. నేను కస్టమర్ని అనుకోండి. నా మెషిన్ తిరిగేటప్పుడు నడుచుకుంటూ వంటింట్లోకి వస్తోంది."

మెషిన్ కాళ్లు సమంగా లేవు, అంతే. గొంతుదాకా వచ్చిన ఆ మాట పూతకు కొట్టుకుని వెనక్కి పోయింది. "ఊఁ" అంది.

"వచ్చి తలుపుకి అడ్డంగా నిలబడింది. మా ఆవిడ లోపల, నేను బయట."

"ఊఁ."

"మీ మెకానిక్ వచ్చి చూసి, బాగానే నడుస్తోందన్నాడు."

ఆ మెకానిక్ ఎవరో ఆమెకు తెలుసు. మెడ మీద నరాలు ఉబ్బాయి. అత్తగారు సంగతి గ్రహించి, తాగే నీళ్లలో గుడ్డ తడిపి గడ్డం మీద అద్దడం మొదలుపెట్టింది. అవతల మేనేజర్ కస్టమర్ వేషం వదిలేశాడు. "నిజానికి ఇది మా ఇంట్లో జరిగిందేనండీ. ఆవిడ పుట్టింటికి వెళ్లిపోయింది."

"ఊఁ."

గడ్డం దగ్గర పూత పెచ్చుగా ఊడింది. పెదవులు విడివడ్డాయి. ఆమె గుండెల నిండా గాలి పీల్చుకుంది. వద్దు వద్దని భర్త రెండు చేతులూ జోడించాడు.

"చాలండీ" అన్నాడు మేనేజర్. "నిన్నట్నుంచి నేను అడిగినవాళ్లంతా మొదటి ముక్కకే, కాళ్లు సరిచేసుకోమన్నారు. అది నాకూ తెలుసు. చివరిదాకా విన్నది మీరొక్కరే. సోమవారం నుంచి సూపర్‌వైజర్ మీరే. ఏమైనా చెప్తారా?"

చెప్పాల్సింది బోలెడుంది. "ఉహూఁ" అంది.

ఫోన్ పెట్టేశాక, ఒక చెంప ఇంకా తెల్లగానే ఉండగా, భర్త వైపు మెల్లగా తిరిగింది. "ఏమండీ, ఇంకా ఏమేం చేశారో మొదట్నుంచీ చెప్పండి. నేను మధ్యలో అడ్డు రాను."

ఆయనకు ఆ రోజు సెలవు. అయినా ఆఫీసుకు వెళ్లిపోయాడు.