మావయ్యగారి కారుకు పంటి వైద్యం

ఆ ఆదివారం పొద్దున పళ్ళ డాక్టరు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిదింటికి కారు బాగుచెయ్యాలి, పదింటికి స్నానం చెయ్యాలి, పదకొండింటికి మావయ్యగారి పన్ను పీకాలి. మొదటి రెండూ మూడోదాని కోసమే.

పెళ్ళయి ఏడేళ్ళయింది. వీధిలో సగం మంది పళ్ళు డాక్టరు చేతిమీదుగానే పోయాయి. మావయ్యగారు మాత్రం పన్ను సలిపినప్పుడల్లా బుగ్గ పట్టుకుని ఊరంతా తిరిగేవారే కానీ అల్లుడి కుర్చీలో కూర్చునేవారు కాదు. "అయినవాళ్ళ చేత వైద్యమేమిటమ్మా" అని కూతురితో అనేవారు. ఆ మాట డాక్టరుకు ఏడేళ్ళుగా గుచ్చుకుంటూనే ఉంది. అలాంటిది శుక్రవారం ఆయనే ఫోన్ చేశారు. "అల్లుడుగారూ, ఇక నావల్ల కాదు. ఆదివారం వస్తాను, పీకెయ్యండి. నా కారు కూడా తీసుకుపోతాను" అన్నారు.

అక్కడే వచ్చింది చిక్కు. తమ కారు రంగులకు వెళ్ళిందని, డాక్టరు దంపతులు మావయ్యగారు ప్రాణంలా చూసుకునే పెద్ద కారును పది రోజులు వాడుకున్నారు. గురువారం నుంచి స్టీరింగు ముందు పసుపు లైటొకటి వెలుగుతోంది.

"ఆ లైటు చూశారంటే నా పని అయిపోయినట్టే. కారు చేతికిస్తేనే ఇలా చేశాడు, ఇంక పన్ను ఏం ఇస్తాను అంటారు" అన్నాడు డాక్టరు.

"అంటారు, మా నాన్న కచ్చితంగా అంటారు" అంది భార్య. కింద క్లినిక్కులో అపాయింట్‌మెంట్లు రాసేదీ పనిముట్లు అందించేదీ ఆవిడే.

శనివారమే మెకానిక్కు వచ్చి, కారు లోపం చూపించే స్కానరు తగిలించాడు. డాక్టరు దగ్గర బంగారు పన్ను కట్టించుకున్న నాటి నుంచి ఆ మెకానిక్కు పేరు ఆ ఇంట్లో బంగారుపన్నే. స్కానరు చూసి అతను తేల్చేశాడు: ఇంజనుకు రెండు వరుసలు, ఒక్కో వరుస పొగగొట్టానికీ బొటనవేలంత ఆక్సిజన్ సెన్సరు. పొగ సంగతి ఇంజనుకు చెప్పడం దాని పని. రెండో వరుసది చెప్పడం మానేసింది. "ఇదిగో కొత్తది. స్కానరూ ఉంచుకోండి. నేను ఊరెళ్తున్నాను, మీరే మార్చుకోండి. పీకడం మీకు నేర్పాలా డాక్టరుగారూ?" అని ఉబ్బేసి వెళ్ళిపోయాడు.

ఆదివారం బానెట్ ఎత్తాక గుర్తొచ్చింది, రెండో వరుస ఏదో అడగనే లేదని. ఫోన్ చేస్తే బస్సు రొదలో "ఎడమ పక్కదండీ!" అని వినిపించి లైను తెగిపోయింది.

డాక్టరు చేతికి తొడుగులు, మూతికి మాస్కు, నుదుటికి లైటు పెట్టుకుని తన కుడిచేతి వైపు వంగాడు.

"ఎడమ అన్నాడు కదండీ, అటెళ్తారేం?"

"ఎవరి ఎడమ? మనం రోగికి ఎదురుగా నిలబడ్డాం. ఎడమంటే రోగి ఎడమ!"

"అవును సుమండీ" అని ఆవిడ నాలిక్కరుచుకుంది. మనలాంటి మామూలు మనుషులమైతే అక్కడ తప్పు చేసేవాళ్ళం కాదు. దానికి ఇరవై ఏళ్ళ అనుభవం ఉండాలి.

సెన్సరు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. డాక్టరు కంగారుపడలేదు. నూనె చుక్కలు వేసి పది నిమిషాలు నాననిచ్చాడు. పంటి అద్దంతో అడుగునుంచి చూశాడు. స్పానరు బిగించి, అటు కాస్త, ఇటు కాస్త కదిలిస్తూ, "అయిపోయింది, అయిపోయింది, కొంచెం ఓర్చుకో" అని కారును బుజ్జగించాడు. కిర్రుమని సెన్సరు ఊడి చేతికొచ్చింది. భార్య ట్రే పట్టింది, అతను అందులో పడేశాడు. కొత్తది బిగించి, స్కానరుతో పాత ఫిర్యాదు చెరిపి, ఇంజను స్టార్టు చేశాడు. లైటు ఆరింది. భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకుని మురిసిపోయారు. ఐదు నిమిషాలకు లైటు మళ్ళీ వెలిగింది.

డాక్టరు మళ్ళీ బంగారుపన్నుకు ఫోన్ చేశాడు. ఈసారి ఫోన్ స్పీకరులో పెట్టాడు.

"ఎటుపక్కది పీకారు?" అడిగాడు బంగారుపన్ను.

"కారు ఎడమది."

"కారు ఎడమేంటండీ! బానెట్ ఎత్తి నిలబడితే మన ఎడమ. మేమంతా అలాగే అంటాం."

"అయితే... మంచిదాన్ని పీకేశానా?" ఏ పళ్ళ డాక్టరూ కలలో కూడా అనడానికి ఇష్టపడని మాట అది.

"కంగారేం లేదు. ఆ పీకిన మంచిదాన్నే తీసుకెళ్ళి రెండో పక్క బిగించెయ్యండి."

డాక్టరుకు పోయిన ప్రాణం లేచొచ్చింది. "ఏదీ, ఇటివ్వు!" అన్నాడు భార్యతో.

ఆవిడ ఖాళీ ట్రే చూపించింది. "పీకినవాటిని రోజూ ఎక్కడ వేస్తానో అక్కడే వేశానండీ. క్రిములు చచ్చే మందునీళ్ళలో."

"దానికి తడి తగిలిందా?" ఫోన్లోంచి గొంతు. "ఇక ఆశ వదిలెయ్యండి. రేపొచ్చి ఇంకోటి నేనే వేస్తాను."

"ఇంకోటెందుకు?" అని గేటు దగ్గర వినిపించింది. వాచిన బుగ్గతో మావయ్యగారు. చెప్పిన టైముకు పావుగంట ముందే వచ్చి అంతా విన్నారు.

తప్పు ఇంకెవరి మీదైనా తోసెయ్యాలని డాక్టరుకు మహా ఉబలాటంగా ఉంది. ఎవరూ దొరకలేదు. సిగ్గుతో చచ్చిపోతూ మాస్కు తీశాడు. "మావయ్యగారూ, మీ కారులో లైటు వెలిగింది. మీరు నన్ను నమ్మరేమోనని దాచి నేనే బాగుచెయ్యబోయాను. పాడైనదాన్ని వదిలేసి మంచిదాన్ని పీకాను. పూర్తిగా నా తప్పే."

మావయ్యగారు కారులోకి తొంగిచూశారు. "ఈ లైటు మీద నల్ల టేపుండాలే?"

"గురువారం కారు తుడుస్తూ నేనే పీకేశా నాన్నా, ఏదో మరక అనుకుని" అంది కూతురు. "అసలు మీకెలా తెలుసు?"

మావయ్యగారు బుగ్గ తడుముకున్నారు. "రెండేళ్ళ కిందట నేనే అంటించాను. వెలుగుతుంటే చూళ్ళేక."

"రెండేళ్ళా! ఆ పన్ను సలపడం ఎప్పటినుంచి?"

"అదీ... సుమారు అప్పటినుంచే."

"మరి అయినవాళ్ళ వైద్యం వద్దన్నదెందుకు?"

"భయమమ్మా" అన్నారాయన చిన్నగా. "బయటివాళ్ళయితే వెళ్ళకపోయినా అడగరు. ఇతనైతే వదలడు కదా." తర్వాత అల్లుడి వైపు తిరిగారు. "మీరు చేసింది చెప్పేశారు. నేను రెండేళ్ళూ టేపు వేసుకుని తిరిగాను. పదండి, పీకెయ్యండి."

డాక్టరుకు కళ్ళు చెమర్చాయి. ఏడేళ్ళుగా ఎదురుచూసిన రోగి ఎట్టకేలకు కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరిచి, సలిపే పన్ను మీద వేలు పెట్టి చూపించారు.

పన్ను పీకడానికి నాలుగు నిమిషాలు పట్టింది, దాని మీంచి ఆ వేలు తీయించడానికి ముప్పావుగంట.