మారే విమాన వేళలు వర్ధిల్లాలి!

విమానం బయలుదేరే వేళను మాటిమాటికీ మార్చే కంపెనీలను ఎవరైనా పల్లెత్తు మాటంటే నేను ఊరుకోను. మీరు తిట్టుకోండి, శాపనార్థాలు పెట్టుకోండి. నేను మాత్రం రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెడతాను. మనిషికి ఓర్పు, వైరాగ్యం, ఇంట్లోవాళ్ళతో మాటామంతీ నేర్పే బడి ఈ రోజుల్లో ఎక్కడుంది చెప్పండి? ఒక్క టికెట్ తీసుకుంటే చాలు, మూడూ ఇంటికే వచ్చి నేర్పుతారు!

ఈ మాట అనే అర్హత నాకుంది. వారానికి ఒకరోజు ఈ కాలమ్ రాస్తాను, మిగతా ఆరు రోజులూ బట్టలు కుడతాను. మా వీధి మలుపులో ముప్పై ఏళ్ళుగా నా కొట్టు. నా అసలు పేరు బోర్డు మీద ఉంది గానీ దాన్ని చదివినవాళ్ళు లేరు. అందరికీ నేను ‘రేపు మాస్టర్’ని. సోమవారం ఇస్తానన్న చొక్కా సోమవారమే ఇచ్చిన చరిత్ర నాకు లేదు. “అంతా అయిపోయిందండీ, గుండీల కాజాలే మిగిలాయి, రేపు రండి” అంటాను. ఆ చొక్కాకి అప్పటికి చేతులు కూడా ఉండవు.

ఇన్నేళ్ళ కృషికి నాకు దక్కిందేమిటి? తిట్లు! ఒకాయన నా కొలత టేపు లాక్కుని నా మెడకే చుట్టబోయాడు. అదే పని విమానం కంపెనీ చేస్తే? ఫోన్‌లో ముద్దుగా ఒక గంట బొమ్మ మోగుతుంది. “మీ ప్రయాణం అప్‌డేట్ అయింది” అని తియ్యటి మాట వస్తుంది. కింద ‘మా సేవ ఎలా ఉంది?’ అని ఐదు నక్షత్రాలు మెరుస్తుంటాయి. నేను రేపంటే బద్ధకం, వాళ్ళు రేపంటే అప్‌డేట్! ఇద్దరిదీ ఒకే విద్య. నేను వీధిలో ఉండిపోయాను, వాళ్ళు ఆకాశానికి ఎక్కారు.

ఇంతకీ వాళ్ళు నాకు చేసిన మేలు చెప్పాలి. మా అక్క పెళ్ళి చేసుకుంది.

అక్కకి యాభై ఎనిమిదేళ్ళు. ఒక స్కూలు లైబ్రరీలో పని. మా పాత బావ పోయి పద్నాలుగేళ్ళయింది. చిరిగిన పుస్తకాలకు బైండింగ్ చేయడానికి ఆ లైబ్రరీకి ఒక పెద్దమనిషి వచ్చేవాడు. మొదట్లో నెలకోసారి వచ్చేవాడు, తర్వాత వారానికోసారి రావడం మొదలుపెట్టాడు. పుస్తకాలు అంత తొందరగా చిరగవని నాకూ తెలుసు. ఒకరోజు అక్క ఫోన్ చేసి సంగతి చెప్పింది. నేను ఆలోచించకుండా నోరు జారాను.

“ఈ వయసులో ఇదేం పనక్కా? నలుగురూ నవ్వరూ?”

“నలుగురి సంగతి వాళ్ళు చూసుకుంటారు. నువ్వు కూడా నవ్వుతావా?” అని ఫోన్ పెట్టేసింది. ఎనిమిది నెలలు మా మధ్య మాటల్లేవు.

మళ్ళీ తనే చేసింది. “రిజిస్ట్రార్ ఆఫీసులో, బుధవారం పదకొండున్నరకి. ఇద్దరు సాక్షులు కావాలట. ఆయన తరపున ఆయన స్నేహితుడు ఉన్నాడు. నా తరపున నువ్వు సంతకం పెడతావా?”

“పెడతానక్కా.”

“రాలేనంటే ఇప్పుడే చెప్పరా, ఏమీ అనుకోను. వస్తానని చెప్పి చివర్లో నీ కొట్టు మాటలు మాత్రం నా దగ్గర చెప్పకు.”

“వస్తాను” అన్నాను. నా జీవితంలో తేదీతో సహా ఇచ్చిన మొదటి మాట అది.

కాబోయే బావ కొలతలు అక్కే తీసి ఫోన్‌లో చెప్పింది. ముదురు నీలం కోటు కుట్టాను. మా వీధిలో ఎవరూ నమ్మలేదు గానీ, వారం ముందే పూర్తి చేశాను! కాజాలతో సహా!

మంగళవారం మధ్యాహ్నం మూడింటి విమానానికి టికెట్ తీసుకున్నాను. గంటా ఇరవై నిమిషాల ప్రయాణం. ముందురోజే చేరి, అక్క పక్కన కూర్చుని, ఎనిమిది నెలల కిందట జారిన మాటను వెనక్కి తీసుకుని, మర్నాడు సంతకం పెట్టాలని నా ప్లాను. ఎంత పొగరో చూడండి! ఎప్పుడు బయలుదేరాలో ప్రయాణికుడే అనుకోవడమా?

మొదటి అప్‌డేట్ మూడు వారాల ముందు వచ్చింది. మధ్యాహ్నం మూడు కాదు, తెల్లవారుజామున ఐదూ నలభై. మనసు ఉప్పొంగింది. నేను సూర్యోదయం చూసి ఎన్నేళ్ళయిందో! విమానం కంపెనీ తప్ప నా ఆరోగ్యం గురించి అంత పట్టించుకున్నవాళ్ళెవరు? పెందలాడే లేవడం అలవాటు చేసుకోవడానికి ఆ వారమంతా మూడున్నరకి అలారం పెట్టాను. నేను లేవలేదు. మా ఆవిడ లేచి, అలారంతో పాటు నన్నూ నొక్కేది.

రెండో అప్‌డేట్ వారం ముందు వచ్చింది. ఐదూ నలభై కాదు, సాయంత్రం ఏడూ పది. కొట్టు తలుపు మీద అంటించిన ‘మంగళవారం సెలవు’ కాగితాన్ని తీసి ‘మంగళవారం మధ్యాహ్నం నుంచి సెలవు’ అని రాశాను. చీర ఫాల్ కోసం వచ్చిన ఒకావిడ అది చదివి, “ఏం మాస్టర్, చివరికి సెలవు కూడా రేపు రమ్మంటోందా?” అంది. కొట్టులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. చూశారా, పరాయివాళ్ళ మధ్య ఎంత స్నేహం కుదిరిందో!

మూడో అప్‌డేట్ మంగళవారం మధ్యాహ్నమే వచ్చింది, నేను సూట్‌కేసు జిప్పు లాగుతుండగా. ఏడూ పది కాదు, మర్నాడు బుధవారం పొద్దున ఎనిమిది. బస్సు పట్టుకుందామంటే పద్నాలుగు గంటల దారి, రోజుకు ఒక్కటే, అదీ పొద్దున్నే వెళ్ళిపోయింది.

ఆఫీసుకు సెలవు దొరక్క మా ఆవిడ నాతో రావడం లేదు. గుమ్మంలో నిలబడి నన్నూ సూట్‌కేసునూ మార్చి మార్చి చూసింది. “ఏమండీ, ఇవాళ వెళ్తున్నారా, రేపు వెళ్తున్నారా, లేకపోతే నిన్ననే వెళ్ళొచ్చేశారా?”

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. నలభై నిమిషాలు సంగీతం వినిపించారు. కచేరీకి వెళ్ళి ఎన్నాళ్ళయిందో, అదీ తీరింది. చివరికి ఒక అమ్మాయి పలికింది.

“మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్.”

“అమ్మా, రేపు మా అక్క పెళ్ళి. ఎనిమిదికి ఖాయమేనా?”

“ప్రస్తుతానికి ఖాయం సార్.”

ప్రస్తుతానికి ఖాయం! ఎన్ని గ్రంథాలు తిరగేస్తే ఇంత వేదాంతం ఒంటబడుతుంది?

“మళ్ళీ మారితే?”

“యాప్‌లో తెలియజేస్తాం సార్. మీరు వద్దని నొక్కకపోతే ఒప్పుకున్నట్టే.”

“ఆ వద్దు అనే బటన్ ఎక్కడుందమ్మా? పైనా కిందా వెతికాను.”

“అది తర్వాతి వెర్షన్‌లో వస్తుంది సార్.”

వేళ మారిన ప్రతిసారీ అక్కకి ఫోన్ చేసి చెప్పాను. మొదటిసారి నవ్వింది. రెండోసారి “అలాగా” అంది. మూడోసారి “ఊ” అంది. మా అక్క “ఊ” అంటే ఎంత లోతో మీకు తెలియదు, నాకు తెలుసు. నేను చెబుతున్న ఒక్కొక్క కారణం నా చెవికే కాజాలు మిగిలాయన్నట్టు వినబడుతోంది.

“రేపు పొద్దున్నే బయలుదేరుతున్నానక్కా. తొమ్మిదిన్నరకి అక్కడ దిగుతాను.”

“రా మరి” అంది.

బుధవారం ఐదూ ముప్పావుకి టాక్సీ ఎక్కాను. కోటు నలక్కుండా సంచిలో వేసి, పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకున్నాను. డ్రైవర్ అద్దంలోంచి చూసి, “పెళ్ళి మీదా సార్?” అన్నాడు. మా అక్కదన్నాను. అతను కొంచెం జోరుగా పోనిచ్చాడు. ఆరూ ముప్పై అయిదుకి ఎయిర్‌పోర్టులో దిగాను. ఎనిమిది గంటల విమానానికి ఆరూ ముప్పై అయిదుకి! నేను! మా వీధివాళ్ళు చూసి ఉంటే కళ్ళు తిరిగి పడిపోయేవారు.

కౌంటర్ దగ్గర ఎవరూ లేరు. ఒక అమ్మాయి కంప్యూటర్ కట్టేస్తోంది.

“చెకిన్ అయిపోయింది సార్. విమానం ఏడూ ఐదుకి.”

“ఎనిమిదికి కదమ్మా!”

“ముందుకు జరిగింది సార్. ఆరూ ఎనిమిదికి మెసేజ్ పంపాం. ఆరూ ఇరవైకి కౌంటర్ మూసేశాం.”

“పన్నెండు నిమిషాల ముందు చెబితే ఎలాగమ్మా?”

“ముందే చెప్పాం కదా సార్.”

బతిమాలాను. సూట్‌కేసు చిన్నదే, చేత్తోనే పట్టుకుపోతానన్నాను, పరిగెత్తుతానన్నాను, కోటు తీసి చూపించాను. ఆ అమ్మాయి కోటు వంక చూసింది, తలుపు వంక చూసింది, గొంతు తగ్గించింది. “నా చేతుల్లో ఏమీ లేదు సార్. రూల్ ప్రకారం టైమంటే టైమే. నా డ్యూటీ మధ్యాహ్నం నుంచి. తెల్లారకముందే రమ్మని నాక్కూడా మెసేజే వచ్చింది.” పాపం, ఆమె కళ్ళు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి. ఒకటిన్నర విమానంలో సీటు వేసి ఇచ్చింది.

విమానం అద్దాల్లోంచి కనబడుతూనే ఉంది. దాన్ని చూస్తూనే అక్కకి ఫోన్ చేశాను.

“అక్కా, విమానం ముందే వెళ్ళిపోతోంది.”

“విమానాలు ఆలస్యంగా వెళ్తాయని విన్నాను రా. ముందే వెళ్ళిపోతాయని నీ నోటే వింటున్నాను.”

“నిజం అక్కా. పెళ్ళి సాయంత్రానికి మార్చమని ఆ ఆఫీసువాళ్ళని అడగరాదూ?”

“అడగను. ఇవాళ తప్పితే మళ్ళీ ఐదు వారాలట. నువ్వు నెమ్మదిగా రా.”

నేను చేరేసరికి సాయంత్రం నాలుగైంది. రెండో అంతస్తులో అక్క ఫ్లాటు. తలుపు బావే తీశాడు. సన్నగా, పొడుగ్గా, వేళ్ళ చివర జిగురు మరకలతో, గోధుమరంగు స్వెట్టర్‌లో ఉన్నాడు. ఆ స్వెట్టర్‌తోనే పెళ్ళయిపోయిందట. అక్క తరపు సాక్షి సంతకం ఎవరు పెట్టారో తెలుసా? బిడ్డ పుట్టిందని నమోదు చేయించడానికి వచ్చి వరసలో నిలబడ్డ ఒకతను. పాపను అక్క చేతుల్లో పెట్టి, సంతకం చేసి, పాపను తీసుకుని వెళ్ళిపోయాడట. అతని పేరు కూడా అక్కకి గుర్తులేదు. రిజిస్టర్‌లో మాత్రం ఎప్పటికీ ఉంటుంది.

అక్క వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. జుట్టు కొత్తగా కత్తిరించుకుంది. ఎంతో బాగుంది. ఆ మాట అనేలోపే అడిగింది.

“నిజం చెప్పరా. మారింది విమానమా, నీ మనసా?”

ఇంత సూటి ప్రశ్నకి నా దగ్గర ఇంత సూటి జవాబు ఉందని మురిసిపోతూ ఫోన్ తీశాను. నాలుగు అప్‌డేట్లూ వరసగా చూపిద్దామని యాప్ తెరిచాను. కొత్తది రాగానే పాతవి ఎగిరిపోతాయట! మూడు గంటలు లేదు, ఐదూ నలభై లేదు, ఏడూ పది లేదు, ఎనిమిదీ లేదు. ఉన్నది రెండు ముక్కలు. ‘బయలుదేరిన వేళ 7:05, సమయానికి.’ దాని పక్కన పచ్చటి టిక్కు. కింద, ‘ప్రయాణికుడు హాజరు కాలేదు.’

అక్క కళ్ళజోడు పెట్టుకుని చదివింది. ఫోన్ నా చేతికిచ్చింది.

“సర్లే, మొహం కడుక్కుని రా. తిందువుగాని.”

బావ కోటు వేసుకున్నాడు. అచ్చు గుద్దినట్టు సరిపోయింది. అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, అక్క లోపలికి వెళ్ళాక నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. “నేను నమ్మాను మాస్టారూ. రాకూడదనుకున్నవాడు లోపలి జేబుకి రెండు వరసల కుట్టు వేయడు.”

భోజనాల దగ్గర నా పాత మాట ఎత్తబోయాను. “అవన్నీ ఇప్పుడెందుకురా” అని అక్క గిన్నె నా వైపు జరిపింది. రెండు రోజులుండి వచ్చేశాను. ఇప్పుడూ ఫోన్ చేస్తుంది. మీ దగ్గర ఎండగా ఉందా అని అడుగుతుంది, ఉందంటాను. మా దగ్గర వానగా ఉందని చెబుతుంది, అలాగా అంటాను. ఎనిమిది నెలలు మాటల్లేనప్పుడే మేమిద్దరం ఎక్కువ మాట్లాడుకున్నామేమో అనిపిస్తుంది.

అయినా నేను కంపెనీ మీద కోప్పడలేదు. అంత మర్యాదస్తులని ఎలా కోప్పడతాం? ఒక ఉత్తరం రాశాను. నాకు పరిహారం వద్దు, కూపన్ వద్దు, ఉచిత టికెట్ అసలే వద్దు, దాని వేళలు మారితే తట్టుకునే శక్తి నాకు లేదు. ఒక్క కాగితం ఇవ్వండి చాలు అన్నాను. ‘ఈ మనిషి చెప్పిన వేళకే బయలుదేరాడు, వేళను నాలుగుసార్లు మార్చింది మేమే’ అని రెండు వాక్యాలు, కింద ఒక ముద్ర. అంతే.

మూడు వారాలకి జవాబొచ్చింది. ఎంత అందమైన కాగితం! పైన రెక్కల బొమ్మ, కింద మేనేజర్ సంతకం. నా ఓర్పుకు కృతజ్ఞతలు చెప్పారు. తమ రికార్డులన్నీ క్షుణ్ణంగా పరిశీలించామన్నారు. సదరు విమానం నిర్ణీత సమయానికే బయలుదేరినట్టు ధ్రువీకరించడానికి సంతోషిస్తున్నామన్నారు. ముద్ర కూడా వేశారు.

నేను అడిగిన ముద్రే, అడిగిన చోటే వేశారు. ఇక దీన్ని అక్కకి చూపించడమే తరువాయి. చూపించమంటారా? కళ్ళజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదువుతుంది. మడతపెట్టి నా చేతికిస్తుంది.

“సమయానికే వెళ్ళిందట కదరా. మరి నువ్వెక్కడున్నావు?” అంటుంది.