ముందు ఆడవాళ్ళు, వెనక మావారు

కూర్మన్నపాలెం జంక్షన్‌లో బస్సెక్కబోతుంటే పోస్ట్‌మాన్ దాలయ్య నా చేతిలో కవరు పెట్టాడు. లోపలికెక్కి చింపి చూద్దును కదా, యూనివర్సిటీలో నాకు పరిశోధన సీటు వచ్చింది! ఈ వార్త మొట్టమొదట వినాల్సిన మనిషి, నన్ను పెళ్ళాడి పన్నెండు రోజులైన త్రినాథరావు గారు, వెనక తలుపులోంచి ఎక్కి ఎక్కడో ఇరుక్కుపోయారు.

అయినా నేను ఫిర్యాదు చేస్తున్నాననుకోకండి. ఆడవాళ్ళను ముందు, మగవాళ్ళను వెనక పెట్టే సిటీబస్సును మించిన వరం కొత్త దంపతులకు లేదు!

పక్కపక్కన కూర్చుంటే ఏమవుతుంది? ముందు కిటికీ కోసం తగవు. తరువాత ఆయన భుజం మీద నా నిద్ర. చివరికి కబుర్లు! పట్టపగలు, గాజువాక అయినా దాటకముందే! దేశం ఏమైపోవాలి?

నా పరిశోధనా మనుషుల మధ్య గీసే ఇలాంటి గీతల మీదే. ఎప్పుడో తొమ్మిది వందల ఏళ్ళ కిందట, స్పెయిన్‌లోని ముస్లిం పట్టణాల్లో బజారునీ, జనం నడతనీ కనిపెట్టి చూసే అధికారులు నియమాలు రాసిపెట్టారు. స్నానశాలలో ఆడవాళ్ళ వేళ వేరు, మగవాళ్ళ వేళ వేరు. నది ఒడ్డున కలిసి కూర్చోరాదు. ఎవరిది ఏ మతమో బట్టలే చెప్పాలి. ఎంత ముందుచూపు! పాపం, వాళ్ళకు కండక్టర్ లేడు, అదొక్కటే లోటు.

మాకు సన్యాసిరాజు ఉన్నాడు. నేను వెనక్కి రెండడుగులు వేశానో లేదో ఈల ఊదాడు.

"ఏటమ్మా, అటెల్తన్నావ్? ఆడోళ్ళు ముందే!"

"మావారికి ఒక్క మాట చెప్పాలండీ."

"టిక్కెట్లు అందించినట్టే మాట కూడా అందించీ తల్లీ," అంది చేపల బుట్టతో కూర్చున్న చిలకమ్మ.

అందించాను. వార్త ఒక్కో నోరే మారుతూ వెనక్కి నడిచింది.

"ఏటి సదువుతాదట?"

"పూర్వం స్పెయిన్‌లో ఆడామగా ఎక్కడెక్కడ కూకునీవోరో సదువుతాదట, బావా!"

"దానికి స్పెయినెందుకు బావా? మన బస్సు సాలదేటి!"

బస్సంతా నవ్వింది. ఊరందరికీ తెలిశాక, నలభై ఒకటో మనిషిగా, మావారికి తెలిసింది. ఆ క్షణాన ఆయన ముఖం ఎలా వెలిగిందో నాకు తెలియదు. మధ్యలో ఓ గొడుగూ, రెండు టిఫిన్ క్యారియర్లూ అడ్డం.

సరిగ్గా అప్పుడే ఒక సందేహం వచ్చింది. నది ఒడ్డున కూర్చోవద్దని ఆ అధికారులు అంత గట్టిగా ఎందుకు రాశారు? జనం కూర్చుంటున్నారు కనకే!

రేపు ఏడింటి బస్సులో నేను వెనక వరసలో, మావారి పక్కన కూర్చుంటున్నాను. సన్యాసిరాజు గారు నా మీద రిపోర్టు రాస్తే రాయనివ్వండి. ఇంకో తొమ్మిది వందల ఏళ్ళకు ఎవరో ఒక పిల్లకు పరిశోధనకు పనికొస్తుంది.