కుళాయి పక్కన ప్లగ్ పాయింటు

వంటింట్లో ప్లగ్ పాయింటు ఎక్కడ పెట్టాలన్న విషయమై ఆ ఇంటి పెద్దలు ముందుగదిలో సమావేశమై, కాఫీలు తాగి, కుళాయి పక్కనే పెట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. హాజరైనవారు మామగారు, ఆయన కొడుకు, ఎలక్ట్రీషియన్. కోడలు వంట చేస్తున్నందువల్ల హాజరు కాలేకపోయింది.

కారణం లేకుండా తీర్మానాలు చేసే ఇల్లు కాదది. కొత్తగా వేయించిన టైల్స్‌లో, ఎదురుగోడ మీద పెద్ద గులాబీ ఉంది. అక్కడ పెడితే పువ్వు చెడుతుంది. కుళాయి పక్క టైలు ఉత్త తెలుపు. అందం చూసుకోవద్దా?

కోడలు అప్పటికే గులాబీ నడిమధ్య పెన్సిలుతో చుక్క పెట్టుకుంది. నీళ్ళకు దూరం, పొయ్యికి దూరం, ఆరేళ్ళ కూతురికి అందని ఎత్తు.

"ఇక్కడ పెట్టవా అన్నా?" అని ఎలక్ట్రీషియన్‌ను బతిమాలింది.

"నాకేం తల్లీ, చెబితే చూరులో అయినా పెడతా. చెప్పేది వాళ్ళాయె" అంటూ అతను కుళాయి పక్కన గోడ తవ్వాడు.

మూడో రోజే మిక్సీ ప్లగ్గు పీకబోతే కోడలికి మోచేతి దాకా జివ్వుమంది.

"తడిచేత్తో ముట్టుకోకూడదని కూడా చెప్పాలటమ్మా?" అన్నారు మామగారు, పేపరు మడవకుండానే.

"వంటింట్లో పొడిచెయ్యి ఎక్కడ దొరుకుతుంది మామయ్యా?"

సదరు ప్రశ్నను ఎవరూ పరిగణనలోకి తీసుకోలేదు. అలాగని కోడలి క్షేమం పట్టని ఇల్లూ కాదది. 'తడిచేతులతో తాకరాదు' అని మామగారు స్వహస్తాలతో రాసి, కొడుకు చేత అక్కడ అంటింపజేశారు. గిన్నెలు కడిగిన నీళ్ళు చింది అక్షరాలు కారిపోతే, ఇంకా పెద్ద అక్షరాలతో రాశారు. రెండో షాకుకు భర్త టెస్టరు తెచ్చి గుచ్చి, అది వెలగగానే "భేషుగ్గా ఉంది, కరెంటు వస్తోంది" అని ధ్రువీకరించాడు. మూడోదానికి రబ్బరు చెప్పులు మంజూరయ్యాయి. నాలుగోదాని గురించి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఒకనాడు కూతురు స్టూలెక్కి గ్లాసు కడుగుతూ, తూలిపడబోయి ఆసరాకోసం గోడ మీదికి చెయ్యి చాపింది. తల్లి ఒక్క ఉదుటున వచ్చి లాగేసింది. పిల్ల గొల్లుమంది.

"ఎందుకే దాన్ని అట్లా బెదరగొడతావు? కాస్త పని నేర్చుకోనీ!" అన్నాడు భర్త.

ఆ రాత్రంతా ఆమెకు ఆ చిన్న తడిచెయ్యే కళ్ళముందు ఆడింది. తెల్లారేసరికి ఒళ్ళు కాలిపోతోంది. లేవలేకపోయింది.

వేణ్ణీళ్ళు కావాలి కనుక మామగారు ఆ ఇంట్లో మొట్టమొదటిసారి వంటింట్లో అడుగుపెట్టారు. కెటిల్ కడిగి నీళ్ళు పట్టారు, ప్లగ్గు పెట్టారు. కేక వీధి మలుపు దాకా వినపడింది. కెటిల్ ఒక మూల, కళ్ళజోడు ఒక మూల.

గంటలో ఎలక్ట్రీషియన్ వచ్చాడు.

"నీళ్ళ పక్కన ఎవడైనా పెడతాడటయ్యా?" అని గద్దించి, మామగారు గులాబీ మీది పెన్సిలు చుక్క చూపించారు. "ఇదిగో, ఎప్పుడో గుర్తు పెట్టి ఉంచాను. ఇక్కడ కొట్టు!"

పువ్వుకు కన్నం పడింది. ఇప్పుడే ఇంకా అందంగా ఉందన్నాడు కొడుకు.

ఆ ఇంట్లో జరిగిన మొదటి కరెంటు ప్రమాదం అదేనని అందరూ చెప్పుకుంటారు. పరామర్శకు వచ్చినవాళ్ళకు మామగారు వంటింటి భద్రత గురించి అరగంట ఉపన్యసిస్తే, వాళ్ళు ఆయన ముందుచూపుకు ముక్కున వేలేసుకుని వెళుతున్నారు.

ఇంతకీ, మీ వంటింట్లో ప్లగ్ పాయింటు ఎక్కడుందో మీకు చప్పున గుర్తుకు రావడం లేదా? కంగారు పడకండి. మీకింకా షాకు కొట్టలేదన్నమాట.