మంజూరైన గడ్డం

దేశం బాగుపడాలంటే ముందు గుమాస్తా మొహం బాగుపడాలి. ఈ సత్యాన్ని ఎమర్జెన్సీ రోజుల్లో, బెజవాడలోని మా కాలవనీటి లెక్కల ఆఫీసు కనిపెట్టింది. అంతకుముందు అక్కడ ఎవరూ ఏదీ కనిపెట్టి ఎరగరు కనక, కాస్త గట్టిగానే కనిపెట్టింది. రైళ్ళు వేళకొస్తున్న రోజులవి. మొహాలు మాత్రం ఎందుకు వెనకబడాలి?

మా సూపరింటెండెంటు జీవరత్నం గారు ఉద్యోగుల ఉదయ సాయంకాల అలంకరణ నియమాలను గోడకు అంటించారు. ఉదయం పళ్ళపొడితో తోముకోవలెను (కచ్చిక, వేపపుల్ల ప్రగతికి ఆటంకములు). స్నానము చేసి, గడ్డము నున్నగా గీసుకొని, తలకు తగినంత నూనె రాయవలెను (ఎంత తగునో విడిగా తెలియజేయబడును). సాయంకాలం ఇంటికి బయల్దేరే ముందు మళ్ళీ మొహం కడిగి, తల దువ్వి, పౌడరు అద్దుకొని వీధిలోకి వెళ్ళవలెను. ఆ వేళ మా మొహాలు చూసే జనం ప్రభుత్వాన్ని అంచనా వేస్తారట. ఏ కాలవలో ఎంత నీరు పారుతుందో లెక్కగట్టే మా ఆఫీసులో, మధ్యాహ్నం దాటితే కుళాయి రాదు. అందుకని సాయంకాలపు శుభ్రతకు ఎవరి మరచెంబుతో వాళ్ళం ఇంటి నుంచి నీళ్ళు మోసుకొచ్చేవాళ్ళం.

పొద్దున్నే గుమ్మంలో తనిఖీ. జీవరత్నం గారు తెల్ల రుమాలు బుగ్గ మీద పెట్టి లాగేవారు. జారితే ఉద్యోగి, పట్టుకుంటే నేరస్థుడు.

వెంకటప్పయ్య బుగ్గ మీద రుమాలు పట్టుకోవడమే కాదు, అక్కడే ఉండిపోయింది. అతని భార్య రామతులసి కడుపుతో ఉంది. భార్య కడుపుతో ఉంటే మొగుడు గడ్డం గీయకూడదని వాళ్ళ ఇంటి ఆచారం. ఇంతకుముందు రెండుసార్లు పెంచాడు, రెండుసార్లూ మధ్యలో గీయించాడు. ఒకసారి మా ఆఫీసు గ్రూపు ఫోటో కోసం, రెండోసారి తమ్ముడి పెళ్ళికి. రెండుసార్లూ కడుపు నిలవలేదు. మంగలి కత్తికీ దీనికీ సంబంధం లేదని డాక్టరమ్మ చెప్పింది. ఆవిడకేం, ఎన్నయినా చెబుతుంది (పోయింది ఆవిడ బిడ్డలు కాదుగా).

ఇటు చూస్తే వెంకటప్పయ్య టెంపరరీ. ఆ ఏడు పర్మనెంటు కావాలంటే జీవరత్నం గారి సిఫార్సు కావాలి.

"ఉద్యోగం పోతే ఉయ్యూరు వెళ్ళి చెరుకు తూకాలు రాసుకుందురుగాని. ఈసారి కూడా పోతే మటుకు నా వల్ల కాదండీ," అంది రామతులసి. ఏడవలేదు. అందుకే అతనికి భయమేసింది.

మర్నాడు విచారణ జరిగింది.

"కడుపు ఎవరికయ్యా?"

"మా ఆవిడకండీ."

"మరి గడ్డం?"

"నాకేనండీ."

"రెంటికీ సంబంధం ఉన్నట్టు రుజువుందా?"

"డాక్టరమ్మని అడిగానండీ. గడ్డానికి సర్టిఫికెట్ ఇవ్వనందండీ."

జీవరత్నం గారు చెడ్డవారు కారు. ఆయనకి ఆరుగురు పిల్లలు. ఆరుసార్లూ నున్నటి మొహంతోనే తండ్రయ్యారు. అయినా ఒకరి నమ్మకాన్ని కాదనడం పాపమని, విషయాన్ని పైకి పంపారు (పైకి అంటే హైదరాబాదు. దేవుడికే పంపి ఉంటే త్వరగా తేలేది).

జవాబు వచ్చేదాకా అది 'పరిశీలనలో ఉన్న గడ్డం'. అంటే గీయకూడదు, పెంచనూకూడదు. జనం కంటపడకుండా వెంకటప్పయ్యని బీరువా వెనక కూర్చోబెట్టారు. సాయంకాలం నియమం ప్రకారం గడ్డానికి కూడా పౌడరు అద్దుకుని, ముప్పయ్యేళ్ళు నిండనివాడు బందరు రోడ్డు మీద తాతగారిలా నడిచి వెళ్ళేవాడు. ఎవరెంత నవ్వినా కత్తి ముట్టలేదు. అతనంటే నాకు గౌరవం అప్పుడే మొదలైంది.

ఆశ్వయుజంలో, కంకిపాడులో పుట్టింట రామతులసి ఆడపిల్లని కన్నది. తల్లీ బిడ్డా క్షేమం. కబురు విని వెంకటప్పయ్య బీరువా వెనక నుంచి వచ్చి, అందరి ముందూ ఏడ్చేశాడు. మేమూ ఏడ్చాం (తనిఖీ అప్పటికే అయిపోయింది).

పురుడు వెళ్ళాక గడ్డం గీయించుకొచ్చాడు. రుమాలు చక్కగా జారింది. ఆ పూట టపాలోనే హైదరాబాదు నుంచి జవాబు వచ్చింది. గడ్డం మంజూరు, ఆర్డరు తేదీ నుంచి తొమ్మిది నెలలు.

"పిల్ల పుట్టేసిందండీ," అన్నాడు వెంకటప్పయ్య.

"సంతోషమయ్యా. కానీ పైవాళ్ళ లెక్కలో నీకిప్పుడే మొదటి నెల. మంజూరైంది వాడుకోకపోతే, ఎందుకడిగావో సంజాయిషీ ఇవ్వాలి. ఆ తర్వాత పర్మనెంటు సంగతి నన్నడక్కు."

మళ్ళీ పెంచాడు. చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకున్న అత్తగారు అల్లుడి మొహం చూసి, కూతురి వైపు గుర్రుగా చూసింది. కంకిపాడంతా ముక్కున వేలేసుకుంది.

ఇంతలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకి ప్రతి ఆఫీసూ మనుషుల్ని పంపాలని పైనుంచి ఒత్తిడి వచ్చింది. జీవరత్నం గారు వెంకటప్పయ్యని లోపలికి పిలిచి, నీ పేరు ఇచ్చానని ఆప్యాయంగానే చెప్పారు.

"నాకు ఒక్కతే పిల్లండీ."

"పిల్లల సంగతి నాకు తెలీదయ్యా. ఆఫీసు ఎరిగినంతవరకూ నీకిది నాలుగో గడ్డం."

శిబిరానికి మాత్రం నున్నగా గీసుకుని రమ్మన్నారు. అక్కడ శుభ్రత ముఖ్యమట.