భోజనానికి అరగంట ముందు

ఆదివారం పొద్దున ప్రేమ్ కుమార్ వేసుకున్న పథకంలో ఒక్క లొసుగు కూడా లేదు. ఎల్బీనగర్ మందిరంలో వార్షికోత్సవ ఆరాధన తొమ్మిదికి మొదలై పదకొండున్నరకు ముగుస్తుంది. వెంటనే సంఘమంతా కలిసి తినే ప్రేమ విందు. మలక్‌పేట నుంచి ఇశ్రాయేలు గారి కుటుంబం వస్తోంది. విందులో వాళ్ళ పెద్దమ్మాయి జోస్నాను ఇతను చూడాలి, వాళ్ళందరూ ఇతన్ని చూడాలి. బిర్యానీకి న్యాయం చేయాలి కాబట్టి టిఫిన్ మానేశాడు. రోజూ ఏడింటికి వేసుకునే గ్యాస్ గోలీని పదకొండుకు మార్చాడు.

"ఇంత ఉప్మా తిని పోరా. ఖాళీ కడుపుతోని ఎంతసేపుంటవ్?" అంది తల్లి ఎలీశమ్మ.

"వద్దమ్మా. అంతా టైం ప్రకారం ఉంది."

గోలీ సంగతి తల్లికి చెప్పలేదు. ఛాతీలో మంట అంటే చాలు, సంఘమంతటికీ ప్రార్థన విన్నపం పంపుతుంది. అందుకే పది రోజుల క్రితం తనే బుద్ధిగా డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చాడు. కడుపులో ఆమ్లం తగ్గడానికి ఆయన గోలీ రాసి, "రోజుకొకటి, తిండికి అరగంట ముందు, నాలుగు వారాలు. తర్వాత మళ్ళీ కనపడు" అన్నాడు. ప్రేమ్‌ది వాళ్ళింట్లో మొదటి డిగ్రీ. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో పరీక్షల పని చూస్తాడు. "సూచనలు శ్రద్ధగా చదవండి" అని రోజూ మైకులో చెప్పేది అతనే. సూచన కనిపిస్తే అక్షరం తప్పకుండా పాటించే మనిషి.

సరిగ్గా పదకొండుకు పాస్టర్ గారు "ముగింపుగా ఒక్క మాట" అన్నారు. ప్రేమ్ వెనక నీళ్ళ కూలర్ దగ్గరికి వెళ్ళి గోలీ మింగి వచ్చాడు. ఆ ఒక్క మాట ముప్పావుగంట సాగింది.

ప్రేమ్ గడియారం చూసుకున్నాడు. అరగంట దాటింది, అన్నం రాలేదు. అంటే మొదటి గోలీ చెల్లదన్నమాట. గంట కొట్టాక ఇచ్చిన జవాబు పత్రాన్ని ఎవరు దిద్దుతారు? ఇంతలో "ఆఖరి పాట" అని ప్రకటించారు. రెండోది మింగాడు. పాటకు తొమ్మిది చరణాలు. అది అయ్యాక నాదర్‌గుల్ సంఘం పెద్ద అంతయ్య "రెండే నిమిషాలు" అంటూ మైకు పట్టుకుని, తమ మందిరానికి పునాది తవ్విన రోజు నుంచి మొదలుపెట్టాడు. ఆయన పైకప్పు వేసేసరికి పన్నెండున్నర. "ఇక ఆశీర్వాద ప్రార్థనే" అన్నారు పాస్టర్ గారు. ప్రేమ్ మూడోది మింగాడు.

మూడుసార్లూ కూలర్ పక్కనే కూర్చున్న రూబీ ఆంటీ చూసింది. మొదటిదానికి "బీపీ ఉన్నట్టుంది పాపం" అని పక్కావిడ చెవిలో వేసింది. రెండోదానికి "షుగర్ గూడ" అంది. మూడోదానికి తల అడ్డంగా ఊపిందంతే. ఆ తల ఊపుడు నాలుగు వరుసలు దాటి ఇశ్రాయేలు గారిని చేరేసరికి గుండె ఆపరేషన్ అయింది.

ఆయన విసురుగా ఎలీశమ్మ దగ్గరికి వచ్చాడు. "ఏంది చెల్లే, పిల్లగానికి గుండె ఆపరేషన్ అయిన సంగతి గిట్ల దాస్తరా?"

"నా కొడుక్కు ఆపరేషనా!" ఎలీశమ్మ అక్కడే కూలబడింది. "ఎప్పుడైందన్నా? నాక్కూడ జెప్పలే!"

తల్లికే తెలియనంత రహస్యమా అని మందిరమంతా గుప్పుమంది. పాస్టర్ గారు ఆశీర్వాదం ఆపి, "సహోదరుడు ప్రేమ్ కోసం మోకరిద్దాం" అన్నారు. ప్రేమ్‌కు అందులో ఒక్కటే అర్థమైంది. భోజనం ఇంకో అరగంట వెనక్కి పోయింది. చెయ్యి జేబులోకి వెళ్ళింది.

ఆ చేతిని ఎవరో గబుక్కున పట్టుకున్నారు. జోస్నా. మలక్‌పేటలో ఒక దవాఖానలో నర్సు.

"ఏం గోలీలవి? చూపియ్యిండ్రి." గోలీల పట్టీ తిప్పి చదివింది. "గుండె గాదు, ఏం గాదు. గ్యాస్ గోలీ. రోజుకెన్ని జెప్పిండ్రు డాక్టర్?"

"ఒకటే."

"ఇయ్యాల ఎన్ని ఏసుకున్నరు?"

"ఒకటేనండి. ముందటి రెండు లెక్కల రావు. అరగంటల అన్నం రాలే గద."

జోస్నా నవ్వు ఆపుకుంది. "కడుపుల పడ్డంక రద్దు చేసుడు ఉండదండి. అన్నం లేటైతే లేటు, ఇంకోటి మింగొద్దు." తర్వాత వార్డులో అడిగినట్టే అడిగింది. "నల్లగ విరేచనం అయితుందా? వాంతిల రక్తం? మింగుతుంటే అడ్డం పడుతుందా? బరువు తగ్గిండ్రా? నొప్పి చెయ్యి దాకా, దవడ దాకా గుంజుతుందా? నొప్పుల గోలీలేమన్న వాడుతున్నరా?"

పెళ్ళిచూపుల్లో అడిగే ప్రశ్నలు కావు. కానీ ప్రశ్నపత్రం ముందుంటే ప్రేమ్‌కు సిగ్గుండదు. నిటారుగా నిలబడి వరుసగా చెప్పాడు. "లేదు. లేదు. లేదు. రెండు కిలోలు పెరిగిన. లేదు. లేదు."

జోస్నా తమ దవాఖాన డాక్టర్‌కు ఫోన్ చేసి కనుక్కుని ప్రేమ్‌కు చెప్పింది. "ఇయ్యాల ఇంకోటి వద్దు. రేపటి సంది ఎప్పటిలెక్క ఒకటే. ఏమన్న తేడా అనిపిస్తే ఆగకుండ రమ్మన్నరు."

ఇశ్రాయేలు గారి భయం దిగిపోయి నవ్వు ఎక్కింది. "గింత దానికేనా గీ లొల్లి! నేను ఆరేండ్ల సంది మింగుతున్న. ఏ డాక్టర్ని అడగలే. పొద్దుగాల మోకాళ్ళ నొప్పి గోలీ, దాని మంటకు గిది!" అని జేబులోంచి సొంత పట్టీ తీసి గర్వంగా ఊపాడు.

జోస్నా మెల్లగా తండ్రి వైపు తిరిగింది. ఆమెతో పాటు మందిరమంతా తిరిగింది.

"ఆరేండ్లా? నాకు తెల్వకుండనా? నొప్పుల గోలీలతోని కడుపుల పుండు పడి రక్తం కారొచ్చు. నల్లగ విరేచనం అయితుందా, డాడీ?"

"అసొంటిదేం లేదు బిడ్డా, ఇంతమందిల అడుగుతవా!"

"రేపు పొద్దుగాల నాతోని దవాఖానకు. రెండు పట్టీలు పట్టుకొని రా."

మందిరంలో చాలామంది చొక్కా జేబుల మీద అరచేతులు ఆనించారు. పాస్టర్ గారు కోటు గుండీ పెట్టుకున్నారు.

"అది సరే గానీ, సంబంధం ఏమంటవ్?" అని ఇశ్రాయేలు గారు మాట మార్చబోయాడు.

"ఖాయం చేసుకో. ఈయన తప్పుగ అర్థం చేసుకుంటే చేసుకున్నరు, డాక్టర్ దగ్గరికైతే పోయిండ్రు. నీలెక్క గాదు."

ఒంటిగంటకు కింద పళ్ళేలు పరిచారు. ప్రేమ్ పక్కనే జోస్నా కూర్చుంది. బిర్యానీ వడ్డించారు. పాస్టర్ గారు భోజన ప్రార్థనకు లేచి, గొంతు సవరించుకుని, "ముందుగా ఒక్క మాట" అన్నారు.

ప్రేమ్ చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది గానీ, పట్టీ అప్పటికే జోస్నా హ్యాండ్‌బ్యాగులో ఉంది.