పాత బ్లాకుకు కొత్త హెడ్డు

మానవజాతి మొదట నిప్పును కనిపెట్టింది. తరవాత చక్రాన్ని కనిపెట్టింది. ఆ రెండింటినీ కలిపి కారు చేసి, అది నిజంగానే కదలడం చూసి జడుసుకుని, వాహన మార్పుల అనుమతి శాఖను కనిపెట్టింది. నాగరికత అక్కడితో సంపూర్ణమైంది. (ఆ తరవాత కనిపెట్టినవన్నీ ప్రస్తుతం ఆ శాఖ పరిశీలనలో ఉన్నాయి.)

ఈ శాఖతో మా కుటుంబానికి పరిచయం కలిగించిన ఘనత మా చెల్లెలిది. ఊరి బయట కొండ ఎక్కే రోడ్డు మీద ఏటా కార్ల పోటీ జరుగుతుంది. మా చెల్లెలు తన పాత కారుతో ప్రతి ఏడూ వెళ్తుంది, ప్రతి ఏడూ సగం కొండ దగ్గర పొగలు కక్కుతూ ఆగిపోతుంది. ఈసారి పోటీ అయ్యాక ఆ రోడ్డు మూసేసి సొరంగం తవ్వుతారట. కొండ పైదాకా ఎక్కాలన్న ఆమె కోరిక తీరాలంటే మిగిలింది ఈ ఒక్క ఆదివారమే.

ఇంజనంటే ముఖ్యంగా రెండు ముక్కలు. కింద బ్లాకు, అంటే పిస్టన్లు ఆడే బరువైన దిమ్మ. పైన హెడ్డు, అంటే గాలి పీల్చి పొగ వదిలే తలకాయ. మా చెల్లెలి కారు బ్లాకు ఉక్కుపిండం, ఆయాసమంతా హెడ్డుకే. అందుకని ఆమె ఇంకో కంపెనీ కారు హెడ్డును వెతికి తెచ్చింది. దానికి ఫేసింగ్ కొట్టించి చదును చేయించింది. కలవని బోల్టు కన్నాలు పూడ్చి కొత్తవి వేయించింది. నీళ్లు పారే దారులు సరిచూసి, మధ్యలో నీళ్లూ గాలీ బయటికి కారకుండా గాస్కెట్ అనే పలచటి రేకు పరిచి బిగించింది. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు షెడ్డు రేకులు దడదడలాడాయి. మా చెల్లెలి కళ్లవెంట నీళ్లు కారాయి. పొగ వల్లనుకున్నాను గానీ, కాదు, సంతోషమే.

ఇలా అతికించిన ఇంజనుతో పోటీకి వెళ్లాలంటే శాఖ అనుమతి ఉండాలి. అర్జీ పెట్టాం.

కౌంటర్ గుమాస్తా అర్జీలో ‘విషయం’ అన్న ఒక్క వరుసే చదువుతాడు. (అంతకుమించి చదవడం ఒకరి సొంత గొడవల్లో తలదూర్చడమని ఆయన అభిప్రాయం.) ఆ వరుసలో ‘పాత బ్లాకుకు కొత్త హెడ్డును అమర్చుట గురించి’ అని ఉంది. శాఖలో బ్లాకంటే భవనం. హెడ్డంటే హెడ్ క్లర్కు. గుమాస్తా ఏమాత్రం తడుముకోకుండా అర్జీని సిబ్బంది బదిలీల విభాగానికి పంపాడు.

బదిలీల అధికారి మమ్మల్ని పిలిపించారు.

“ఈ హెడ్డు ఇంతకుముందు ఎక్కడ పని?”

“టాక్సీలో పనిచేసిందండి,” అంది మా చెల్లెలు.

మన భాషలో యంత్రానికీ ఆడమనిషికీ క్రియ ఒకటే. అధికారి వెంటనే ‘మహిళా ఉద్యోగి’ అని రాసుకున్నారు.

“అక్కడెందుకు మానేసింది?”

“కిందిదంతా పాడైపోయిందండి. పైన మాత్రం గట్టిగానే ఉంది.”

“అయ్యో పాపం. తాగుడేమన్నా ఉందా?”

“ఆయిల్ కాస్త ఎక్కువే తాగుతుందండి.”

“ఊఁ. మరి కోపం? తొందరగా వేడెక్కుతుందా?”

“నీళ్లు సరిగ్గా అందుతుంటే వేడెక్కదండి.”

“మా వాళ్లకంటే నయమే. ఇంతకీ మధ్యలో ఈ గాస్కెట్ ఎవరు?”

“రెండింటికీ మధ్య ఉంటుందండి. అది లేకపోతే పని నడవదు.”

అధికారి ముఖం ముడుచుకున్నారు. మధ్యవర్తులను శాఖ ఎంతమాత్రం సహించదని చెప్పి గాస్కెట్ పేరు కొట్టేశారు. మా చెల్లెలు నోరు తెరవబోతుంటే నేను కాలు తొక్కాను.

“అన్నయ్యా, వాళ్లు దాన్ని మనిషనుకుంటున్నారు!” అంది బయటికి రాగానే.

“అనుకోనీవే. ఇంజనని తెలిస్తే సాంకేతిక విభాగానికి పంపుతారు. అక్కడికెళ్లిన ఇంజన్లు తిరిగొచ్చినట్టు నేనెక్కడా వినలేదు.”

“తప్పులు దిద్దే కౌంటరుందిగా?”

“దాన్ని పొరపాటున పెట్టామని తెలుసుకుని మూసేశారు.”

శుక్రవారం ఉత్తర్వు చేతికొచ్చింది. సదరు హెడ్డు సదరు బ్లాకులో తక్షణం చేరవలెను. మూడేళ్లదాకా దానిని కదిలించరాదు. పది గంటలకు ముందు, అయిదు తరవాత పని చేయించరాదు. భోజన విరామం ఇవ్వవలెను. (గాస్కెట్ ఊసు లేదు. దాన్ని మేం అనధికారికంగా కొనసాగించాం.) మా చెల్లెలు గెంతుతూ చదువుతున్నదల్లా ఆఖరి వాక్యం దగ్గర ఆగిపోయింది. ఆదివారం సెలవు.

“పోటీ ఆదివారమే కదన్నయ్యా,” అంది.

మళ్లీ పరిగెత్తాం. ఈసారి మా చెల్లెలు దాపరికం పెట్టుకోలేదు.

“అయ్యా, అది మనిషి కాదండీ. అల్యూమినియం!”

అధికారి చలించలేదు. “చూడమ్మా, ఒకసారి సిబ్బందిలో చేరాక అందరూ ఒకటే. ఎవరు దేంతో తయారయ్యారని మేం అడగం. ఆదివారం పనిచేస్తానని ఆవిడే రాసివ్వాలి.”

“అది ఎలా రాస్తుందండీ?”

“ఇక్కడా ఎవరూ రాయరమ్మా. అందుకే ఆదివారం ఎవరూ పనిచేయరు.”

ఆదివారం పోటీ నిర్వాహకులు ఉత్తర్వు రెండుసార్లు చదివారు. సెలవునాడు ఒక మహిళా ఉద్యోగి చేత కొండ ఎక్కించిన పాపం తమకొద్దని చేతులెత్తేశారు. మా చెల్లెలు రోడ్డు పక్కన నిలబడి అందరి కార్లూ ఎక్కడం చూసింది. ఇంటికొచ్చి అన్నం తినలేదు. నాతోనే కాదు, కారుతో కూడా మాట్లాడలేదు.

సోమవారం పొద్దున సొరంగం తవ్వేవాళ్లు ఇంకా రాలేదు. చప్పట్లు కొట్టేవాళ్లు లేరు, గెలుపు జెండా లేదు. కొండ కింద కారాపి, గడియారం చూసుకుంటూ కూర్చుంది మా చెల్లెలు. సరిగ్గా పదింటికి స్టార్ట్ చేసింది. పక్కసీట్లో నేను ప్రాణాలు ఉగ్గబట్టుకున్నాను. ప్రతి ఏడూ ఆగిపోయే మలుపు వచ్చింది, వెనక్కి పోయింది. కారు ఆగలేదు, పొగ కక్కలేదు. కొండ పైదాకా ఒక్క ఊపులో ఎక్కేసింది. మా చెల్లెలు పగలబడి నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

పైనుంచి చూస్తే శాఖ భవనం కనిపించింది. బయట క్యూ మలుపు తిరిగింది, లోపల కుర్చీలన్నీ ఖాళీ. ఆ ఉదయం ఆ శాఖ మొత్తానికి వేళకు పనిలో దిగిన హెడ్డు మా చెల్లెలిదొక్కటే.